ఒకే పుట, రెండు రూపములు

2012వ సంవత్సరము జూలై నెలలో ఒక శుక్రవారము సాయంకాలము, మన పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్ను పిలిచి, ప్రక్కప్రక్కలనున్న రెండు యంత్రములను చూపెను. రెండింటియందును ఒకే చిరునామాగల పుట తెఱవబడియుండెను. అది విద్యార్థివేతనమునకై దరఖాస్తు చేసికొను పుట. దాతలిచ్చిన పాత యంత్రమునందు గడులన్నియు వరుస తప్పక నిలిచి, కుడివైపు గడిలో దరఖాస్తు పంపు బటను స్పష్టముగా కానవచ్చుచుండెను. ఆ యేడే కొనిన క్రొత్త యంత్రమునందో, కుడివైపు గడి క్రిందికి జాఱి, పుట అడుగుననున్న రంగు పట్టీ వెనుకకు పోయి, బటను మాయమయ్యెను. "అయ్యా, ఈ రెండింటిలో ఏది సరియైన పుట?" అని ఆ బాలుడడిగెను.

"పాత యంత్రము మీదనే పూర్తిచేయుము, రేపటితో గడువు ముగియును" అని చెప్పి నేను తప్పించుకొంటిని. క్రొత్త యంత్రములో చెడి, పాతదానిలో బాగుండుట యెట్లని ఆతడు మఱల నడుగలేదు గాని, అడుగవలసిన ప్రశ్న అదియే. ఆనాడు నాకును సరిగా తెలియదు. తరువాత తెలిసికొన్నదానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

విద్యార్థులారా, వెబ్బు పుట యనునది ఎక్కడనో సిద్ధపఱచియుంచిన చిత్తరువు కాదు. ఈ వార్షిక సంచికకు వ్యాసము పంపునప్పుడు మనమేమి చేయుదుము? కాగితము మీద వ్రాసి, ఇది శీర్షిక, ఇది పెద్ద అక్షరములలో నుండవలెను, ఇచ్చట పేరా విడువవలెను అని ప్రక్కన గుర్తులుపెట్టి అచ్చుకూటమునకు పంపుదుము. ఆ గుర్తులను చదివి అక్షరములను కూర్చువాడు కంపోజిటరు. వెబ్బు పుటయు అట్టి వ్రాతప్రతియే. దూరముననున్న యంత్రమునుండి మనకు వచ్చునవి అక్షరములును, వాని నడుమ హెచ్.టి.ఎమ్.ఎల్. అను పేరుగల గుర్తులును, అలంకారమును గూర్చిన సి.ఎస్.ఎస్. అను ఉత్తరువులును. వానిని చదివి పుటను కూర్చి తెరమీద నిలుపునది బ్రౌజరు. ఒకే వ్రాతప్రతిని ఇద్దఱు కంపోజిటర్లకిచ్చి, గుర్తుల అర్థమును గూర్చి వారి నడుమ ఒడంబడిక లేకున్నచో, రెండు విధములైన పుస్తకములు వచ్చును. ఆ ఒడంబడికకే ప్రమాణమని పేరు.

ఈ విద్యను కల్పించినవాడు టిమ్ బెర్నర్స్ లీ యను ఆంగ్లేయుడు. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను అణుపరిశోధన సంస్థయందు పనిచేయుచు 1989లో దీనిని ప్రతిపాదించి, 1990 చివరకు మొదటి బ్రౌజరును తానే వ్రాసెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ తన హక్కులను విడిచి, ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించెను. ఆ యేటనే అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునందు మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా యనువారు మొజాయిక్ అను బ్రౌజరును వెలువరించిరి. అక్షరముల నడుమ బొమ్మలుంచుటకు ఒక క్రొత్త గుర్తు కావలెనని ఆండ్రీసెన్ ఆ ఫిబ్రవరిలో తోడి పనివారికి వ్రాసెను. ఇంతకంటె మేలైన పద్ధతులున్నవని కొందఱు సూచించిరి. ఆతడు మాత్రము తన గుర్తునే బ్రౌజరులో చేర్చి విడిచెను. నేటికిని అదియే వాడుకలో నున్నది. ముందు చేసినవానిదే శాసనమగు ఆచారము అక్కడ మొదలయ్యెను. దానివలన కీడే కలిగెనని నేననను. బొమ్మలు లేని వెబ్బు ఇంతమందిని ఆకర్షించియుండునా?

1994లో జిమ్ క్లార్కుతో కలిసి ఆండ్రీసెన్ నెట్‌స్కేప్ అను వ్యాపారసంస్థను స్థాపించెను. ఆ డిసెంబరులో వారి నావిగేటరు బ్రౌజరు వెలువడి, కొలది కాలములోనే లోకమును ఆక్రమించెను. ఆ యేటి అక్టోబరులోనే బెర్నర్స్ లీ అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాలయమునందు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము అను సంఘమును, పైన చెప్పిన ఒడంబడికలను వ్రాయుటకై నెలకొల్పెను. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్టు సంస్థ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును బయటకు తెచ్చెను. అటుపిమ్మట ఇరువురును సంఘము వ్రాయు ప్రమాణములకై వేచియుండక, నెలకొక క్రొత్త గుర్తును కల్పింపసాగిరి. నెట్‌స్కేపువారు అక్షరములు మినుకుమినుకుమను గుర్తును పెట్టగా, మైక్రోసాఫ్టువారు అక్షరములు పరుగెత్తు గుర్తును పెట్టిరి. కన్నులకు రెండును శిక్షయే. మొదటిది 2013లో ఫైర్‌ఫాక్సునుండియు తొలగింపబడెను. రెండవది ప్రమాణమునుండి వెలివేయబడినను, మన దేశపు కళాశాలల పుటలపై పరీక్షాఫలితములను మోసికొని పరుగెత్తుట మాత్రము మానలేదు.

ఇవి వినోదములు; అసలు బాధ వేఱు. పుటలోని వస్తువులను కదలించుటకు ఒకరి పద్ధతి మఱియొకరికి చెల్లదు. కావున రచయిత ప్రతి కదలికను రెండుమాఱులు వ్రాయవలసివచ్చెను. అంత ఓపిక లేనివాడు ఒకదానికే వ్రాసి, "ఈ పుటను ఫలానా బ్రౌజరుతో చూచిన బాగుండును" అని అడుగున నొక బిళ్ల తగిలించి ఊరకుండెను. గ్రంథాలయము వాకిట నిలిచి, ఫలానా దుకాణములో కొన్న కండ్లద్దములు గలవారికే ప్రవేశమని చెప్పుటకును దీనికిని నాకు భేదము కనబడదు.

1997లో వెలువడిన నాలుగవ ఎక్స్‌ప్లోరరుతో పోరాటము బ్రౌజరును దాటి, కంప్యూటరు ముంగిటికే వచ్చెను. యంత్రము తెఱవగానే కనబడు తెరను డెస్కుటాపు అందురు. దానికి ఇష్టమైన బొమ్మను పెట్టుకొనుట, రంగులు మార్చుకొనుట మీకందఱికిని ప్రియమైన పనియే. ఈ బ్రౌజరుతో వచ్చిన యాక్టివ్ డెస్కుటాపు అను ఏర్పాటు, ఆ తెరనే యొక వెబ్బు పుటగా మార్చివేసెను. వార్తలు, వాతావరణము మొదలగునవి తెరమీదికే వచ్చి నిలుచును. సంచులవంటి ఫోల్డరులకు సైతము హెచ్.టి.ఎమ్.ఎల్.తో ముస్తాబు చేయవచ్చును. యంత్రములు నెమ్మదించుటచే చాలమంది దీనిని తీసివేసిరి. అయితే అలంకారము చాటున నొక వాదమున్నది: బ్రౌజరు విడి వస్తువు కాదు, విండోసులో నొక అవయవము, దానిని వేఱుచేయరాదు అని. అమెరికా ప్రభుత్వమును, పలు రాష్ట్రములును 1998 మే 18న మైక్రోసాఫ్టుపై వేసిన వ్యాజ్యములో ఇదియే ముఖ్యవివాదములలో నొకటి. 2000లో న్యాయాధిపతి ఆ సంస్థను రెండుగా చీల్చవలెనని తీర్పుచెప్పెను. 2001లో పై న్యాయస్థానము గుత్తాధిపత్యమును దుర్వినియోగపఱచిన మాట నిజమే యని, చీల్చుటను మాత్రము కొట్టివేసెను. అప్పటికి నెట్‌స్కేపు ఓడి, వేఱొకరికి అమ్ముడుపోయియుండెను.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వచ్చెదను. కొంచెము లెక్క చేయవలెను, పలక తీసికొనుడు.

తెరమీది కొలతకు పిక్సెలు, అనగా చిన్న చుక్క, ప్రమాణము. ఒక గడికి వెడల్పు 350 పిక్సెలులని రచయిత వ్రాసెననుకొనుడు. అక్షరములు అంచును తాకకుండుటకు లోపల ఇరువైపుల 20 చొప్పున ఖాళీయు, చుట్టును 5 మందముగల గీతయు కోరెను. తెరమీద ఆ గడి ఎంత వెడల్పు? 1996 డిసెంబరులో కన్సార్టియమువారు ప్రకటించిన మొదటి సి.ఎస్.ఎస్. ప్రమాణము ప్రకారము, వెడల్పనగా అక్షరములుండు చోటి వెడల్పు మాత్రమే. దానికి ఖాళీ 40, గీతలు 10 కలుపవలెను, మొత్తము 400. మైక్రోసాఫ్టువారి అయిదవ ఎక్స్‌ప్లోరరు అట్లు లెక్కింపదు. గీతలు, ఖాళీ అన్నియు 350లోనే యిముడవలెనని దాని మతము. 700 వెడల్పుగల పుటలో ఇట్టి గడులు రెండు ప్రక్కప్రక్కల పెట్టినచో, ఎక్స్‌ప్లోరరులో సరిగా 700 అయి అతుకునట్లు కూర్చుండును. ప్రమాణము ననుసరించు బ్రౌజరులో 800 అగును. చోటు చాలక రెండవ గడి క్రిందికి జాఱును.

2001లో వచ్చిన ఆఱవ ఎక్స్‌ప్లోరరు ఈ తప్పును దిద్దుకొన్నది గాని, పూర్వము వ్రాసిన పుటలు చెడకుండుటకై యొక షరతు పెట్టెను. పుట మొదటి పంక్తిలో తగిన ప్రకటన యున్నచో క్రొత్త లెక్క. లేనిచో పాత లెక్కయే. మన దరఖాస్తు పుటకు ఆ పంక్తి లేదు. దానిని వ్రాసినవాడు తన బల్లమీది ఎక్స్‌ప్లోరరులో మాత్రము చూచి, బాగున్నదని ముగించెను. అందుచేత తప్పు లెక్క చేయు పాత యంత్రమునందు పుట సరిగా నుండెను. సరియైన లెక్క చేయు క్రొత్త యంత్రము, అనగా ఫైర్‌ఫాక్సు, దానిని చెఱిపినట్లు కనబడెను.

ఇందొక చమత్కారమున్నది. గీతలును ఖాళీయు కలుపుకొని లెక్కించుటయే సులభమని తరువాత రచయితలకు తోచెను. నూఱు అంగుళముల గోడకు రెండు బీరువాలు కావలెనన్నచో, వడ్రంగి చెక్క మందముతో కూడ కొలుచును గదా! కావున ఓడిపోయిన ఆ లెక్కనే, కోరుకొన్నవారికి చెల్లునట్లు, తరువాతి సి.ఎస్.ఎస్. ప్రమాణములో చేర్చిరి. నేడు చాలమంది దానినే వాడుచున్నారు. అనగా మైక్రోసాఫ్టువారి లెక్క తెలివితక్కువది కాదు; అది ఒడంబడిక కాదు, అంతే.

పోటీ ముగిసినతరువాత నేమయ్యెను? 2003 ప్రాంతమున నూటికి తొంబదిమందికి పైగా ఎక్స్‌ప్లోరరునే వాడుచుండిరి. శత్రువు లేని కోటకు మరమ్మతులుండవు. ఆఱవ ఎక్స్‌ప్లోరరు 2001లో రాగా, ఏడవది 2006 అక్టోబరు వఱకు రాలేదు. ఆ అయిదేండ్లును ప్రమాణములను కాపాడినవారు చిన్నవారు. 1998లో కొందఱు పుటల రచయితలు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు అను సంఘముగా చేరి, బ్రౌజరు సంస్థలను బహిరంగముగా నిలదీయసాగిరి. 2005లో వారొక పరీక్షా పుటను ప్రకటించిరి. ప్రమాణములను తప్పక పాటించు బ్రౌజరులో అది నవ్వు మొగమగును, తప్పినచో మొగము చెదరిపోవును. దీర్ఘమైన వాదములకంటె ఆ చెదరిన మొగమే సంస్థలను ఎక్కువగా సిగ్గుపఱచెను. నార్వే దేశపు ఒపెరా బ్రౌజరువారు 2003లో, మైక్రోసాఫ్టువారి యొక పుట తమ బ్రౌజరుకు మాత్రము వంకర ఉత్తరువులు పంపుచున్నదని కనిపెట్టి, అలుగుటకు మాఱుగా, ఆ పుటలోని మాటలను బొమ్మలాటలోని వంటవాని వెఱ్ఱిభాషగా మార్చు బ్రౌజరునొకదానిని విడిచిరి!

నెట్‌స్కేపువారు ఓడిపోవుచు 1998 మార్చి 31న తమ బ్రౌజరు మూలరచనను లోకమునకు విడిచిపెట్టిరి. దానినుండి మొజిల్లా సంఘము పుట్టి, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్సు మొదటి కూర్పును తెచ్చెను. ఆ డిసెంబరులో న్యూయార్కు టైమ్సు పత్రికలో దానికొక ప్రకటన వచ్చెను. చందాలిచ్చిన సుమారు పదివేలమంది పేర్లు రెండు పుటలనిండ ముద్రింపబడెను. ఆపిల్ సంస్థ 2003లో సఫారీని, గూగులు 2008లో క్రోమును తెచ్చిరి. ప్రమాణములు వ్రాయువారిలోను తగవులు లేకపోలేదు. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా వారు కన్సార్టియముతో విభేదించి వేఱుకుంపటి పెట్టిరి. 2019లో గాని సంధి కుదురలేదు. వేఱుపడినవారు చేసిన మేలొకటి చెప్పవలెను. పుటలో తప్పు దొరలినప్పుడు సైతము బ్రౌజరులన్నియు దానిని ఒకే రీతిగా అర్థముచేసికొనవలెనని వారు వివరముగా నియమించిరి.

ఆ పోరాటపు మచ్చ నేటికిని ఒకటి మిగిలియున్నది. బ్రౌజరు పుటను కోరునప్పుడు తన పేరు చెప్పుకొనును. నెట్‌స్కేపు రహస్యనామము మొజిల్లా. మంచి పుటలను మొజిల్లా యనువారికే ఇచ్చు ఆచారము ప్రబలగా, ఎక్స్‌ప్లోరరును తన పేరు మొజిల్లా యనియే చెప్పుకొనెను. పిమ్మట వచ్చిన ప్రతివారును అట్లే చేసిరి. నేడు క్రోము తనను గూర్చి చెప్పుకొను ప్రవర వినుడు: మొజిల్లా, ఆపిల్ వెబ్‌కిట్టు, గెకోవంటిది, క్రోము, సఫారీ. పోటీదారుల పేర్లన్నియు వల్లించినగాని తన పేరు చెప్పుటకు వీలులేకపోయెను.

ఇదంతయు పరదేశపు వర్తకుల తగవు, మనకేమి యని తల్లిదండ్రులలో కొందఱనుకొనవచ్చును. మన భాష ఈ తగవులో నలిగినంత ఆంగ్లభాష నలుగలేదు. 1990ల చివర మన తెలుగు దినపత్రికలు వెబ్బులోనికి వచ్చినప్పుడు, తెలుగు అక్షరముల రూపములను ఆంగ్లాక్షరముల స్థానములలో దాచి, తమ తమ ఫాంటులతో చూపుచుండిరి. ఆ ఫాంటు లేని యంత్రములో పుటయంతయు ఆంగ్లాక్షరములును, చుక్కలును, అడ్డగీతలును కలిసిన పిచ్చివ్రాతగా కనబడును. ఫాంటును పుటతోనే పంపు ఉపాయమొకటి 1997లో దొరకెను. అయితే నాలుగవ నెట్‌స్కేపు గ్రహించు ఫాంటుమూట ఒకటి, నాలుగవ ఎక్స్‌ప్లోరరు గ్రహించునది మఱియొకటి. ఒకదానికే పంపినచో రెండవదానివారికి పిచ్చివ్రాతయే మిగులును. అమెరికాలోనో అరబ్బు దేశములలోనో ఉండి ఇంటి ఊరి వార్తకై చూచువానికి, వార్త వచ్చియు రానట్లే యుండెను. ఒక పత్రికనుండి వాక్యమును తీసి మఱియొక చోట పెట్టినచో అది తెలుగుగా నుండదు, వెదకినను దొరకదు.

దీనికి మందు ముందే సిద్ధమై యుండెను. ప్రపంచ లిపులన్నిటికిని స్థిరమైన సంఖ్యలనిచ్చు యూనికోడు ప్రమాణము 1991లోనే తెలుగునకు 128 స్థానముల గది నొసగెను. విండోసు ఎక్స్‌పి 2001లో గౌతమి అను తెలుగు ఫాంటుతో వచ్చెను. కాని అమరికలలోనికి పోయి క్లిష్టలిపుల సదుపాయమును మనమే చేర్చుకొననిదే అక్షరములు కూడవు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా యూనికోడుమీదనే నిలిచెను. పత్రికలు మాఱువఱకు ఊరకుండక, తెలుగువారే ఫైర్‌ఫాక్సునకు పద్మ అను చేర్పును వ్రాసి, పత్రికల సొంత ఫాంటుల వ్రాతను తెరమీదనే యూనికోడు తెలుగుగా మార్చుచుండిరి. ఫాంటులను పంపుటకు బ్రౌజరులన్నిటికిని ఒక్కటే మూట యని 2012 డిసెంబరులో కన్సార్టియము ప్రమాణము వెలువడెను. నేడు మీరు ఏ ఫోనులోనైనను ఏ పత్రికనైనను చదువుచు, అది సహజమనుకొనుచున్నారు.

ఆ జూలై మాసపు సంగతి ఇంకను కొంత మిగిలియున్నది. ఆ బాలుని తరగతిలోనే యొక బాలిక యుండెను. పేరు చెప్పను. తండ్రి కూలిపని చేయును. శనివారమునాడు తండ్రీ కూతుండ్రిరువురును బస్సులో పట్టణమునకు పోయి, ఒక ఇంటర్నెట్టు కేంద్రములో గంటకు రుసుమిచ్చి దరఖాస్తు పూరించిరి. అక్కడి యంత్రములన్నిటను క్రొత్త బ్రౌజరులే. బటను కనబడలేదు. దుకాణమువాడు, "మీరేదో గడి నింపలేదు, అందుకే రాలేదు" అనెను. ఆ పిల్ల మొదటినుండి మూడు పర్యాయములు పూరించెను. సోమవారము నావద్దకు వచ్చి, "నాకు సరిగా పూరించుట రాలేదండీ" అని చెప్పెను. గడువు శనివారముతో ముగిసెను. శుక్రవారము సాయంకాలమే నేనా సంగతిని తరగతిలో నందఱకును చెప్పియుండవలసినది, చెప్పలేదు. ప్రధానోపాధ్యాయులవారు సంబంధించిన కార్యాలయమునకు విన్నపము పంపిరి. గడువు పొడిగింపబడలేదు. తప్పు నీది కాదమ్మా, రెండు గడుల వెడల్పు లెక్కది అని చెప్పుటకు ఆనాడు నాకు తెలియకపోయెను.

ఎక్స్‌ప్లోరరు 2022 జూన్ 15న సెలవు పుచ్చుకొనెను. మైక్రోసాఫ్టువారి ఎడ్జి బ్రౌజరు 2020 నుండి గూగులువారి ఇంజనుమీదనే నడచుచున్నది. ఒపెరాయు 2013లోనే అందు చేరెను. పుటను కూర్చు ముఖ్యమైన ఇంజనులు నేడు మూడే: గూగులువారి బ్లింకు, ఆపిలువారి వెబ్‌కిట్టు, మొజిల్లావారి గెకో. మూడవదానిని పోషించు మొజిల్లా రాబడిలో పెద్దభాగము, తన పోటీదారైన గూగులునుండియే వెదకులాట ఒప్పందముద్వారా వచ్చుచున్నది. వెదకులాటలో గూగులు చట్టవిరుద్ధముగా గుత్తాధిపత్యము నిలుపుకొన్నదని 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానము తీర్పుచెప్పెను. క్రోమును అమ్మివేయవలెనను ప్రభుత్వపు కోరికను మాత్రము 2025 సెప్టెంబరులో నిరాకరించెను. "క్రోములో బాగున్నది, చాలును" అను మాట నేడు పుటల రచయితల నోట నేను తఱచు వినుచున్నాను. ఆ దరఖాస్తు పుటను వ్రాసినవాడును ఎక్స్‌ప్లోరరును గూర్చి అట్లే యనుకొనియుండును.

మన పాఠశాల పుటను ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు నలుగురు వ్రాయుచున్నారు. కన్సార్టియమువారు రుసుము లేకయే పుటలను పరీక్షించి తప్పులు చూపు ఏర్పాటొకటి కలదు. ముందు దానికి చూపి, పిమ్మట మూడు ఇంజనులలోను, అందుబాటులోనున్న మిక్కిలి చవుక ఫోనులోను చూచుట వారి నియమము. మొన్న ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఫైర్‌ఫాక్సులో చూచి, ఉపాధ్యాయుల పట్టికలో నా పేరు హాస్టలు వార్డనుగారి గడిలో పడియున్నదని వచ్చి చెప్పెను. దిద్దుచున్నారు.